అత్తగారితో మహేంద్రగిరి

మహేంద్రగిరి ఎక్కలేక తిరిగొచ్చిన బడిపంతులు మందస చుట్టుపక్కల నేనొక్కణ్ణే. కార్తీక సోమవారాలకి డెబ్భై ఏళ్ళ ముసలమ్మలు కూడా ఎక్కి దీపం పెట్టి వస్తారు. నేను మాత్రం 1967లో, ముప్ఫై నాలుగేళ్ళ వయసులో, దారి తప్పి దిగొచ్చాను. తప్పంతా పంతులిదేనని ఊరు తేల్చేసింది. నేను ఒప్పుకోను. సగం తప్పు మర్యాదది.

మా అత్తగారు దాలమ్మ నాతో మాట్లాడేది కాదు. కోపం వల్ల కాదు. వాళ్ళ ఇళ్ళల్లో అత్త అల్లుడితో ముఖాముఖి మాట్లాడకూడదు, అతని ముందు నడవకూడదు. పెళ్ళయిన పదకొండేళ్ళూ ఆవిడ నాకు చెప్పదలచుకున్నదల్లా కూతురు బుల్లమ్మకి చెప్పేది, బుల్లమ్మ నాకు చెప్పేది. నేను పక్కనే కూర్చుని వింటున్నా సరే, "ఇంకొంచెం అన్నం ఎయ్యమంటారేమో అడగవే" అనేది.

ఆవిడకి ఉన్నది ఒకటే కోరిక. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వాకిట్లోంచి చూస్తున్న ఆ కొండ కొసన ఒక్కసారి నిలబడాలని. చిన్నప్పుడు మేకల వెంట సగం కొండదాకా వెళ్ళిందట, ఆడపిల్లని పైకి పోనివ్వలేదు. మామగారు వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూనే పోయారు. కొడుకుల్లేరు. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. ఇక తీసుకెళ్ళవలసినవాణ్ణి నేనే.

ఆ మొదటిసారి ముగ్గురం బయల్దేరాం. అల్లుణ్ణి కాబట్టి ముందు నేను. చీపురుపల్లివాణ్ణి, ఆ కొండ సంగతి నాకేం తెలుసు? వెనక, దారి తెలిసిన అత్తగారు. చాలా దూరంలో, కాలికి ముల్లు గుచ్చుకుని కుంటుతూ బుల్లమ్మ. గెడ్డలో నీళ్ళు దాటాక దారి రెండుగా చీలింది. నేను కుడివైపు తిరిగాను. వెనక అత్తగారు దగ్గింది. మళ్ళీ దగ్గింది. పాపం, గొంతు ఎండిపోయిందనుకుని నీళ్ళచెంబు ఒక రాతిమీద పెట్టి, ఆవిడ మొహమాటపడకుండా తాగడానికి మరింత జోరుగా నడిచాను.

మధ్యాహ్నానికి ఆ దారి ఒక లోయ అంచున ఆగిపోయింది. శిఖరం లోయకి అవతల ఉంది. అప్పటికి వచ్చి చేరిన బుల్లమ్మ, తల్లి తన చెవిలో చెప్పింది విని, "ఎడంపక్కకి ఎల్లాలట. గెడ్డకాడే సెప్దావనుకున్నాదట" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరిమీదో తెలియలేదు. పొద్దు వాలక ముందే దిగాలి కదా, దిగాం. అత్తగారు ఒక్కసారి ఆగి శిఖరంవైపు చూసింది. ఆ చూపు ఏడాదంతా నన్ను తినేసింది.

మళ్ళీ కార్తీకం వచ్చేసరికి బుల్లమ్మ మూడో నెల పసిపిల్లతో ఇంట్లో ఉండిపోయింది. మాట మోసే మనిషి లేకుండా అత్తా అల్లుడూ ఎలా వెళతారని ఊరంతా నవ్వింది. అత్తగారే ఉపాయం ఆలోచించింది. గెడ్డ దాటగానే తన చేతికర్రతో, "ఒలే కర్రా, అల్లుడుగారిని ఎడంకి తిరగమని సెప్పు" అంది.

నేను తక్కువ తిన్నానా? "కర్రా, అత్తగారిని నిమ్మదిగా రమ్మను. తొందరేటీ లేదు" అన్నాను. రెండు గంటలపాటు ఆ కర్ర చేసిన చాకిరీ అంతా ఇంతా కాదు.

పైకి వెళ్ళేకొద్దీ మంచు కమ్మింది, బండలు తడిసి ఉన్నాయి. నిట్టనిలువుగా ఉన్న ఒకచోట పెద్ద రాయి మీద కాలు వేయబోయాను.

"ఒరే సూరీ, ఆ రాయి మీద కాలెయ్యకురా."

కాలు వెనక్కి తీసుకుని చేత్తో తోశాను. రాయి కదిలి కిందికి దొర్లిపోయింది. అత్తగారి కర్ర కూడా చేతిలోంచి జారి దాని వెనకే పోయింది. చప్పుడు ఆగేదాకా ఇద్దరం కదల్లేదు. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అల్లుణ్ణి ఒరే అన్నందుకు. మా అమ్మ పోయాక నన్ను ఒరే అన్నవాళ్ళే లేరు.

"ఇంకోసారి అను అత్తా" అన్నాను.

ఆవిడ ముందు బెదిరింది, తర్వాత నవ్వింది. నాకూ నవ్వాగలేదు. "ముందు నువ్వు నడు. దారి తెలిసినదానివి" అన్నాను.

అప్పుడు మొదలయ్యాయి పదకొండేళ్ళ మాటలు. "పెళ్ళినాడు నువ్వెంత బక్కగా ఉన్నావో ఎరుగుదువా? ఈ పంతులు నా పిల్లనేటి పోసిస్తాడు అనీసి ఏడిసినాను. నువ్వు తెచ్చిన సీరల్లో ఒక్కటీ నాకు నచ్చలేదురా."

"మరి సెప్పలేదేటి?"

"ఎలగ సెప్పీది?"

కొసకి చేరేసరికి మంచు విడిపోయింది. కింద పచ్చగా చేలు, ఊళ్ళు, వాటికి అవతల సముద్రం. ఆవిడ నడుం మీద చేతులు వేసుకుని చాలాసేపు నిలబడింది. కళ్ళంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. "ఇన్నాళ్ళూ కింద నుండే సూసినాను సూరీ" అంది. ఆ పూట జిల్లా మొత్తంలో నా అంత సంతోషంగా ఉన్నవాడు లేడు.

ఆ రాత్రి కొండమీది గుడి దగ్గర సాధువుల పాకలో తలదాచుకుని మర్నాడు దిగాం. దిగుతున్నంతసేపూ నాకు బెంగే. ఇల్లు చేరితే మర్యాద మళ్ళీ అడ్డం పడుతుందని. కావాలనే నడక తగ్గించాను.

ఇంటికి చేరగానే బుల్లమ్మ అలవాటుగా మా ఇద్దరి మధ్యా వచ్చి నిలబడింది. "ఏటమ్మా, ఆయన్ని భోజనానికి లెగమని సెప్పమంటావా?" అంది.

"నువ్వు పక్కకి జరగవే" అంది అత్తగారు. పీట లాక్కుని నాకు ఎదురుగా కూర్చుంది. "ఆకలేస్తందేటిరా కొడుకా?"

ఆకలి లేదు గాని, ఉందన్నాను.