ఇంట్లో చెప్పిన మాట

అంబాదాస్ మునిసిపాలిటీలో దవండీ వేసేవాడు. డప్పు కొట్టి, సర్కారు కబురును ముందు మరాఠీలో, తర్వాత తెలుగులో అరిచి చెప్పడం అతని పని. ఆ ఆషాఢంలో పండరపురం యాత్రికులు తిరిగొస్తుండగా తెలుగు నేతగాళ్లుండే జోడ్‌భావి పేట్‌లో కలరా వస్తోందని, అక్కడివాళ్ల మాటలో గత్తర అని, దవండీ వేశాడు. బావినీళ్లు కాచి తాగాలి, అందరూ సూది వేయించుకోవాలి.

మగ్గాల మీంచి ఎవరూ లేవలేదు.

"పోయినేడు గూడ గిట్లనే అరిస్తివి," అన్నాడొక ముసలి నేతగాడు. "అందరం సూదులు ఏయించుకున్నం. చెయ్యి వాసి మగ్గం బందువెట్టిన. గత్తర వచ్చిందా? ఉత్తగ జనాన్ని బెదిరిస్తరు."

అంబాదాస్‌కూ లోపల అలాగే అనిపించేది. డప్పు సర్దుకుని ముందుకు నడిచాడు.

ఆ గల్లీ చివరే అతని భార్య చెల్లెలు గోదావరి ఇల్లు. భర్త లింగయ్య మగ్గం నేస్తాడు, ఆమె బీడీలు చుడుతుంది. నాలుగేళ్ల కూతురు. గోదావరి చెంబుతో బావినీళ్లు తెచ్చి, ఇవ్వకుండా పట్టుకుని నిలబడింది.

"బావా, బయట చెప్పింది ఇన్న. ఇప్పుడు మనింటి మనిషి లెక్క చెప్పు. గత్తర నిజంగ వస్తదా? సూది ఏయించుకుంటే బీడీలు చుట్టరాదు. నీళ్లు కాగవెడ్దామంటే కట్టెలు అన్నానికే సరిపోతలేవు."

"వాళ్లు చెప్పమంటరు, నేను చెప్త. ఫికర్ చెయ్యకు," అని అంబాదాస్ చెంబు అందుకుని గటగటా తాగేశాడు.

గోదావరి మొహం తేటపడింది. నవ్వింది కూడా.

ఆ వారంలోనే బావి పక్క ఇళ్లలో వాంతులు మొదలయ్యాయి. ఒక పొద్దున గోదావరి మంచం పట్టింది. మధ్యాహ్నానికి కళ్లు లోతుకు పోయాయి, వేళ్లు నీళ్లలో నానినట్టు ముడుచుకుపోయాయి. తోపుడుబండి మీద దవాఖానకు తీసుకెళ్తే వరండాలో కూడా చోటు లేదు. పొద్దుగూకక ముందే పోయింది. ఆ నీళ్లే తాగిన అంబాదాస్‌కు ఏమీ కాలేదు.

పోయినేడు గత్తర రానిది అందరూ సూది వేయించుకున్నందుకేనేమో అని శ్మశానంలో అతనికి మొదటిసారి తట్టింది.

తర్వాత ఊరు విడిచి పోవద్దని దవండీ వేయమన్నారు. అప్పటికే జనం మూటలు కట్టుకుని స్టేషన్ దారి పట్టారు. సూదిమందు వేసే డేరా ముందు మాత్రం ఎవరూ లేరు. గుంపులో లింగయ్య, అతని భుజం మీద బిడ్డ. అంబాదాస్ డప్పు వదిలి పరుగున వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

"పోకు తమ్మీ. బిడ్డకు సూది ఏయించు. సర్కారు మాట గాదు, నేను చెప్తున్న."

లింగయ్య కోపంగా చూడలేదు. అలిసిపోయినట్టు చూశాడు.

"గల్లీల గట్టిగ చెప్పింది నమ్మకపోతిమి. ఇంట్ల మెల్లగ చెప్పింది నమ్మితిమి. ఇగ నీ మాట ఏదో నాకు తెలుస్తలేదు అన్నా."

చెయ్యి విడిపించుకుని స్టేషన్ వైపు నడిచాడు. బిడ్డ వెనక్కి తిరిగి, గుంపు కమ్మేసేదాకా పెద్దనాన్ననే చూస్తూ ఉంది.