ఇనప రాళ్ల గౌను

పొద్దున టీ గ్లాసులు కడిగే వేళకు సిద్దక్క మంచం వీధిలోకి బయల్దేరేది. యశ్వంతనగర్ గనుల కాలనీ అంతా ఎర్రదుమ్ము. ఆ దుమ్ములో మంచం కోళ్ల గుర్తులు చూసి ముసలామె ఎటు పోయిందో ఎవరైనా చెప్పేవాళ్లు. కాళ్లు పడిపోయిన సిద్దక్క తిరిగినంతగా ఆ కాలనీలో కాళ్లున్నవాళ్లు కూడా తిరగలేదు.

మహిమ మంచానిది కాదు, మనవరాలిది. ఆరేళ్ల మనోజ్ఞ ఒక చోట కుదురుగా కూర్చోలేదు. కాబట్టి ఆమె దేనిమీద కూర్చుంటే అదీ కుదురుగా ఉండలేదు. పీట మీద కూర్చోబెడితే పీట వంటింటి దాకా పోయేది. రోలు ఎక్కితే రోలు పెరట్లోకి దొర్లేది. సండూరులో డాక్టరుకు చూపిస్తే, దీనికి ఇంగ్లీషులో పేరుందని, కొట్టొద్దని, చిన్న చిన్న పనులు ఒక్కొక్కటే చెప్పి చేయించమని అన్నాడు. పీటల సంగతి అడిగితే, "పీటలు నడుస్తాయి, మెట్లున్న చోట జాగ్రత్త" అన్నాడు.

అందుకని అవ్వ పడుకుని, మనవరాలు ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, ఊరేగింపు. ఎదురింటి ఉరుకుందమ్మ గడప ముందు మొదటి మజిలీ.

"ఏమక్కా, ఈ పొద్దు యాడికి సవారీ?"

"చోరనూరికి, మా చెల్లెలు నింగమ్మ కాడికి. దానికి ఒంట్లో బాగలేదు. నీ కాఫీ తాగి పోదామని."

"నా కాఫీ కోసం చోరనూరి దారి ఇట్ల తిప్పుకుంటివా?"

జూన్‌లో మనోజ్ఞను ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఒకటో క్లాసులో వేశారు. మొదటి రోజే బెంచి, పక్కనున్న ఇద్దరు పిల్లల్ని కూడా ఎక్కించుకుని, గేటు దాటి ఇడ్లీ బండి దగ్గర ఆగింది. మా పిల్లలకు చట్నీ పడదు అని ఆ ఇద్దరి తల్లులూ కంప్లైంటు చేశారు.

హెడ్ మిస్ సౌభాగ్య, పాప తండ్రి నాగరాజును పిలిపించింది. అతను ఖనిజం టిప్పర్ తోలతాడు.

"నోడప్పా, చూడు నాగరాజ్, బెంచిలు నడిచేది మాకేం కొత్త కాదు. గేటు దాటితేనే కష్టం. దసరా లోపల పాప కదలకుండా కూర్చోవాల. లేదంటే టీసీ తీస్కో."

"కూసుంటాది మేడం." నాగరాజు మాట ఇచ్చేటప్పుడు ఎవరి తరఫున ఇస్తున్నాడో ఎప్పుడూ చూసుకోడు.

క్లాసు టీచరు నేత్రావతి ఉద్యోగానికి కొత్త. నాగరాజు చేరవేసిన డాక్టరు మాట స్కూల్లో చెవిన పెట్టింది ఆమె ఒక్కతే. బెంచిని ముందు వరసకు జరిపించి, "ఒక లైను రాయి పాపా. రాసినాక బెంచి తోలుకుని గంట కాడికి పో. గంట ముట్టి వాపస్ రా" అంది.

మనోజ్ఞ రాసింది. పోయింది. వచ్చింది. కొన్నాళ్లకు రెండు లైన్లు, ఆ తర్వాత సగం పేజీ. వానలు తగ్గే సరికి బెంచికి దారి అలవాటై దానంతటదే వెనక్కి తిరిగేది. మంచం మీద పోతూ మనోజ్ఞ లారీల వెనక రాతలన్నీ అవ్వకు చదివి వినిపించేది. అవ్వకు ఆ రాతలు నచ్చక డ్రైవర్లను తిట్టేది.

సౌభాగ్య మిస్ ఒకసారి కిటికీలోంచి చూసింది. "నేత్రావతి, ఇది క్లాసా, జాతరా? నేను కూర్చోవాల అన్నా. తిరిగొస్తే చాలు అనలేదు."

దసరాకు ఇంకో నెలే ఉంది. నాగరాజు ఇంట్లో తనకు తెలిసిన విద్య బయటికి తీశాడు.

"అమా, ఖాళీ టిప్పర్ ప్రతి గుంతకూ ఎగురుతాది. లోడేస్తే రోడ్డు పట్టుకుంటాది. పాపకు లోడు లేదు, అంతే."

"టీచరమ్మ చెప్పిచ్చేది బాగనే ఉండాది కదరా," అంది సిద్దక్క. "పిల్ల చదువుతాంది."

"చదివితే చాల్దంట, కూసోవాలంట. టీసీ ఇస్తే నీ మాదిరి, నా మాదిరి అయితాది. మనింట్లో ఒకరన్నా కుర్చీలో కూసుని పని చెయ్యొద్దా?"

సిద్దక్క సూది దారం తీసుకుంది. కాళ్లు పోయినా చేతులు బాగున్నాయి. గౌను అంచు లోపల చుట్టూ జేబులు కుట్టింది. నాగరాజు గనిలోంచి తెచ్చిన ఇనప రాళ్లు వాటిలో వేశాడు. బయటికి ఏమీ కనపడలేదు. అంత మంచి కుట్టు.

మొదటి రోజు బెంచి తలుపు దాకా వచ్చి ఆగింది. నాగరాజు ఇంకో రాయి వేశాడు. ప్రతి సోమవారం ఒకటి.

"అవ్వా, గౌను బరువు."

"స్కూలు గౌన్లు అట్లే ఉంటాయి బంగారు."

మోకాళ్ల మీద రాళ్లు తగిలిన చోట నల్లగా కమిలింది. సిద్దక్క కొబ్బరినూనె రాసింది.

దసరా ముందు శనివారం బెంచి కదలలేదు. సౌభాగ్య మిస్ పిల్లల తల్లిదండ్రులందర్నీ పిలిచి, చేతులు కట్టుకుని కూర్చున్న మనోజ్ఞను చూపించింది. చప్పట్లు, చాక్లెట్, పై క్లాసుకు సీటు ఖాయమన్న మాట. నాగరాజు కళ్లు తుడుచుకున్నాడు. అందరూ పోయాక నేత్రావతి పాప పక్కన వంగింది.

"గంట కాడికి పోయొస్తావా?"

"వద్దు మిస్," అంది మనోజ్ఞ, పెదాల మీద వేలు పెట్టుకుని. ఆమె ముందున్న పేజీలో ఉదయం రాసిన ఒకే లైను ఉంది.

మర్నాడు ఆదివారం. చోరనూరు నుంచి ఫోను: నింగమ్మ తిండి మానేసింది, అక్క వచ్చిందా అని అడుగుతా ఉంది. నాగరాజు అప్పటికే లోడుతో బళ్లారి దారిలో ఉన్నాడు. సిద్దక్క ఉతికిన చీర కట్టుకుని, ఆకు వక్క తిత్తి నడుముకు చెక్కుకుంది. మనోజ్ఞ మామూలు గౌనులో, ఒక్క రాయి లేకుండా, మంచమెక్కి కూర్చుంది.

మంచం కదలలేదు.

"పోదాం పా బంగారు. నింగవ్వ ఎదురుచూస్తాంది."

"చూడవ్వా, నేను కదల్లేదు."

"చూసినాలే. ఇప్పుడు కదలొచ్చు."

"మేడం తిట్టదా?"

"ఈ పొద్దు ఆదివారం. తిట్టదు."

మనోజ్ఞ కళ్లు మూసుకుని ప్రయత్నించింది. కాళ్లూపింది. మంచం కోళ్లు దుమ్ములో పాతినట్టు నిలబడ్డాయి.

"ఎట్ల పోయేదో మర్చిపోయినా అవ్వా," అంది.

చాలాసేపు చూసి ఉరుకుందమ్మే కాఫీ పట్టుకుని వచ్చింది. "ఏమక్కా, మంచం ఇంకా రాలేదే అని చూస్తాండా."

"పిల్లకు స్కూలు కుదిరిందిలేమ్మా."

"శానా సంతోషం," అంది ఉరుకుందమ్మ. సిద్దక్క ఆ కాఫీ తాగకుండా చల్లారనిచ్చింది.

సాయంత్రం చోరనూరు నుంచి మళ్లీ ఫోను వచ్చింది. ఇక తొందరపడి రావలసిన పని లేదన్నారు.

సిద్దక్క స్కూలు గౌను ఒళ్లోకి తీసుకుంది. ఒక జేబు కుట్టు ఊడి, రాయి బయటికి తొంగిచూస్తోంది. పక్కనే కత్తెర. మంచం అంచున మనోజ్ఞ, చెప్పకపోయినా, చేతులు కట్టుకుని కూర్చుంది. సిద్దక్క కత్తెర అందుకుని చాలాసేపు ఆ అంచు చూసింది. తర్వాత దాంతో దారం మాత్రం తెంపి, ఈసారి జేబును రెండు వరసలు కుట్టింది.