మార్తమ్మగారి వంతు

మరిచిపోవడం అంటే తిరిగి ఇచ్చేయడం కాదు కదా, ఇచ్చినవాడు వెనక్కి అడగనంతవరకూ పుచ్చుకున్నవాళ్ళు మరిచిపోయినా అది వాళ్ళదే కదా అనుకుంటూ గోధుమపిండిలో నీళ్ళు పోశాను. కొంచెం ఎక్కువే పడ్డాయి. మళ్ళీ గుప్పెడు పిండి చల్లి పిసకడం మొదలుపెట్టాను. ఈ ఆదివారం పొద్దున్న సంఘంలో ప్రభురాత్రి భోజనపు బల్ల మీదికి వెళ్ళాల్సిన రొట్టె ఇది, విశ్వాసులు తలా ఒక ముక్క పుచ్చుకునేది. ఉప్పు వేయకూడదు, పులియబెట్టకూడదు, కలుపుతున్నంతసేపూ కోపంగా ఉండకూడదు. మొదటి రెండూ సంఘం నియమాలు. మూడోది మా అత్తయ్య మార్తమ్మగారు పెట్టింది. "కోపంతో పిసికితే పిండి బిగుసుకుపోద్దమ్మాయ్," అనేది. గురువారం నుంచీ నాలో ఉన్నదాన్ని కోపమనాలో ఇంకేమైనా అనాలో తేల్చుకోలేక ఈరోజు పిండితో నెమ్మదిగానే ఉంటున్నాను.

అత్తయ్య వంటింటి గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నా చేతుల్ని చూస్తోంది. ఆ చూపులో మెచ్చుకోలు ఉంది. ఈ పని నాకు నేర్పింది తనేనని ఆమెకు గుర్తులేదు. ఒకరోజు పిండి కలుపుతూ కలుపుతూ ఆగిపోయి, "ఇది దేనికమ్మాయ్?" అని అడిగింది. ఆ రోజు నుంచి రొట్టె నేనే చేస్తున్నాను. భవానీపురంలో మా సంఘానికి ఆ సంగతి తెలియదు. ఇప్పటికీ అది మార్తమ్మగారి చేతి రొట్టే అని అందరి నమ్మకం. మా ఆయన తిమోతి చెప్పలేదు, చెప్పొద్దనీ అనలేదు. ఒకసారి మాత్రం, "ఎందుకులే, మళ్ళీ లేనిపోని ప్రశ్నలు," అన్నాడు.

ఆ ప్రశ్నలెందుకు వస్తాయంటే, నేను ఆ రొట్టె తినకూడదు. గుణదల పక్కన మాది ఆర్‌సీఎం, అంటే క్యాథలిక్ కుటుంబం. నెలలు నిండకుండా పుట్టానట. బతుకుతానో లేదోనని ఫాదర్‌గారిని ఆస్పత్రికే పిలిపించి జ్ఞానస్నానం ఇప్పించారట. నీళ్ళు పోస్తే నేను ఏడవలేదనీ, కనీసం కళ్ళు కూడా తెరవలేదనీ అమ్మ చెప్పేది. మా అత్తింటివాళ్ళు విశ్వాసులు. పసిబిడ్డకి విశ్వాసం ఎక్కడుంటుంది, కాబట్టి అది చెల్లదు, పెద్దయ్యాక తనంతట తాను బాప్తిస్మం తీసుకోనివాళ్ళు ఆ రొట్టె ముట్టకూడదంటారు. పెళ్ళయ్యాక మళ్ళీ తీసుకుంటుందిలెండి అని మా నాన్న శౌరయ్య నన్నడక్కుండా మాట ఇచ్చేశాడు. నేను ఈ ఏడు, వచ్చే ఏడు అంటూ గడిపేస్తున్నాను. ఒకసారి టిఫిన్ దగ్గర చుట్టాలంతా ఉండగా తిమోతి, "నిద్రపోయే పిల్ల మీద నీళ్ళు పోస్తే జలుబు చేస్తుంది గానీ రక్షణ వస్తుందా?" అన్నాడు. అందరూ నవ్వారు. చట్నీ వడ్డిస్తూ నేనూ నవ్వాను.

ఎందుకు మొండికేశానో ఆ నవ్వేవాళ్ళకు చెప్పలేను. నిద్రపోతుండగా నాకు దక్కింది ఆ ఒక్కటే. మిగతావన్నీ లేచి, పరిగెత్తి సంపాదించుకున్నవే. క్లాసులో ఫస్టు వస్తే నాన్న సైకిలు ఎక్కించుకునేవాడు, రాకపోతే నడిపించేవాడు. పటమటలో బీఈడీ కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతాను. బిడ్డ ఏమీ చేయకముందే ఆదరణ దొరకాలి, అప్పుడే ఆ బిడ్డ లోకాన్ని నమ్మగలుగుతుంది అని పాఠం చెప్పి స్టాఫ్‌రూమ్‌లోకి అడుగుపెట్టగానే ప్రిన్సిపాల్‌గారు, "వినీల మేడమ్, వచ్చే గెస్టులకి టిఫిన్లు మీరు చూసుకోండి, మీరైతే బాగా చేస్తారు," అంటారు. మగ లెక్చరర్లు బాగా చేసేవి వేరే ఉంటాయి. ఇంటికొస్తే అత్తయ్య పక్కబట్టలు, స్నానం, అన్నం కలిపి తినిపించడం. ఇబ్రహీంపట్నం పవర్ స్టేషన్‌లో డ్యూటీ దిగి వచ్చిన తిమోతి అది చూసి, "దేవుడు నీకిచ్చిన పరిచర్య ఇది వినీలా. దీనికి బహుమానం పైన ఉంటుంది," అంటాడు, ప్రేమగానే. నువ్వింకా సంఘానికి బయటే ఉన్నావనేదీ ఈయనే. బయట ఉన్నవాళ్ళకు పైన ఏముంటుందో నేనెప్పుడూ అడగలేదు.

కానీ అత్తయ్య మీద నాకు ఎన్నడూ కోపం రాలేదు. ఆమె నన్ను వంట బాలేదని ఒక్కమాట అనలేదు, కాలేజీ మానెయ్యమనలేదు. బల్ల దగ్గర మాత్రం కరకు. "విశ్వాసం ఒకళ్ళు పోస్తే వచ్చేది కాదమ్మాయ్. నీ కాళ్ళతో నువ్వు నీళ్ళల్లోకి దిగాలి," అనేది. ఆ మాట ఎక్కడి నుంచి వస్తోందో తెలిశాక ఆమెను నేను చూసే చూపే మారిపోయింది. పెడనలో నేతవాళ్ళ ఇంట్లో పుట్టింది. అప్పటి పేరు చౌడేశ్వరి. ఏ రంగు నూలు చుట్టాలో తండ్రి చెప్పేవాడు, ఎవర్ని చేసుకోవాలో మేనమామ చెప్పేవాడు, ఎంత గట్టిగా నవ్వొచ్చో తల్లి చెప్పేది. ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ ఒకామె వచ్చి, మగ్గం పక్కన కూర్చుని కండెలు చుడుతున్న ఈ పిల్లని, "నువ్వేం నమ్ముతావమ్మా?" అని అడిగిందట. "అప్పటిదాకా నన్నెవరూ ఏదీ అడగలేదే అమ్మాయ్! కూర ఏం కావాలని కూడా అడగలేదు," అని చెప్పి నవ్వేది అత్తయ్య. కాలువలో దిగి బాప్తిస్మం తీసుకున్నరోజు ఒడ్డున ఆమెవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ తర్వాత తనే బైబిలు స్త్రీ అయి దివిసీమ ఊళ్ళన్నీ నడిచింది. చేపలు ఎండబెట్టే చోట ఆడవాళ్ళ మధ్య కూర్చుని వాళ్ళ పేర్లు రాయడం నేర్పింది. "నువ్వేమంటావు?" అని ప్రతి ఒక్కరినీ అడిగేదట. ఆ ఆడవాళ్ళు మొదట సిగ్గుపడి, తర్వాత ఏడ్చి, ఆ తర్వాత మాట్లాడేవాళ్ళట.

ఆమెకు "నమ్ముతున్నాను" అనడం అంటే జీవితంలో మొదటిసారి "నేను" అనగలగడం. దాన్ని ఎవరో నిద్రలో ఇచ్చేశారంటే ఆమె ఎలా ఒప్పుకుంటుంది? నాకేమో పొద్దున లేచింది మొదలు నేను చేస్తాను, నేను చూసుకుంటాను, నేను ఉన్నానుగా అని అనీ అనీ నోరు ఎండిపోయింది. నేనేమీ చేయకముందే ఒకరు నన్ను కావాలనుకున్నారన్న కబురు నాకు కావాలి. ఆమె ఆకలి ఒకటి, నాది ఇంకొకటి. రెండింటికీ ఒకే రొట్టె సరిపోతుందా అన్నది పెద్దలు తేల్చాల్సిన సంగతి. వాళ్ళకి మాత్రం ఆకలి గురించి అడగడం తోచదు.

అత్తయ్య మతిమరుపు ముదిరిందని తెలిసి సంఘపెద్ద ఏసురత్నంగారు గురువారం చూడ్డానికి వస్తానన్నారు. తిమోతి రెండు రోజుల ముందు నుంచీ తల్లిని పరీక్షకు తయారుచేశాడు. మంచం పక్కన కూర్చుని, "అమ్మా, మన రక్షకుడు ఎవరు? యే... యే..." అని అందించేవాడు.

"ఏలక్కాయ," అంది అత్తయ్య.

తిమోతి నవ్వాడు. నవ్వుతూనే లేచి వరండాలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఎంతసేపటికీ తిరగలేదు. ఆ వీపును చూసి నాకు మొదటిసారి అర్థమైంది, అతను భయపడుతున్నాడని. తల్లి చచ్చిపోతుందని కాదు. అంతకన్నా దూరం వెళ్ళిపోతోందని.

ఏసురత్నంగారు వచ్చేసరికి దీపాలు పెట్టేశాం. మంచి మనిషే, చెప్పులు విప్పి చేతులు జోడించి, "వందనాలు మార్తమ్మగారూ! నన్ను గుర్తుపట్టారా?" అన్నారు.

"ఎందుకు పట్టనండీ, మా ఇంటికొచ్చినవారేగా," అంది అత్తయ్య.

"మీ పేరొకసారి చెప్పండి, విందాం."

"చౌడేశ్వరి అండీ. పెడన. మగ్గం వీరభద్రంగారి మూడో పిల్లని."

తిమోతి తల దించుకున్నాడు. ఏసురత్నంగారు గొంతు తగ్గించి, చిన్నపిల్లల్ని అడిగినట్టు అడిగారు. "మనకోసం ప్రాణం పెట్టింది ఎవరమ్మా?"

అత్తయ్య వేళ్ళు గాలిలో నూలు చుడుతున్నాయి. "నాలిక చివరే ఉందండీ. ఎవరో చాలా మంచాయన." తర్వాత ఆయన ముఖంలో ఏం చూసిందో, "పాపం ఎండన పడి వచ్చారు. అమ్మాయ్, బాబుగారికి మజ్జిగియ్యి," అంది.

ఆయన మజ్జిగ తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని తిమోతితో చెప్పారు. "ఇన్నాళ్ళ ఆమె సాక్ష్యాన్ని దేవుడు చూసుకుంటాడు బ్రదర్. బల్ల సంగతి వేరు. తనను తాను పరీక్షించుకుని గదా పుచ్చుకోవాలి. అది ఆమెకి చేతకాని పని. పైగా ఆ పాత పేరు నలుగురిలో అన్నారనుకోండి, విశ్వాసంలో బలహీనులు తొట్రుపడతారు. ఈ ఆదివారం నుంచి ఇంట్లోనే ఉంచండి." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "రొట్టె మాత్రం ఆమె చేతిదే పంపండి. చేతులకి అలవాటేగా."

తిమోతి నా వైపు చూశాడు. నేను గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళాను. ఆయన బండి చప్పుడు దూరమయ్యాక బయటికి వచ్చి అడిగాను.

"నాకు అప్పటికి విశ్వాసం లేదన్నారు. ఈమెకు ఇప్పుడు పోయిందంటున్నారు. మధ్యలో బుర్ర సరిగ్గా పనిచేసే నాలుగేళ్ళకేనా అండీ రక్షణ?"

"అలా మాట్లాడకు. విశ్వాసం లేకపోతే ఎలా?"

"ఆ విశ్వాసం ఆమె సంపాదించుకున్నదా, దేవుడు ఇచ్చిందా?"

"రెండూనూ."

"అయితే ఆయన ఇచ్చిన సగమైనా మిగిలి ఉండాలిగా!"

"నువ్వు బయట ఉన్నావ్ వినీలా, నీకివి అర్థం కావు." గుమ్మం తలుపు మూసి వచ్చి, "నాకూ అర్థం కావడంలేదు," అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట అతని నోట వినలేదు. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేయాలనిపించింది. అత్తయ్య పిలవడంతో వెళ్ళలేకపోయాను.

ఇప్పుడు పెనం మీద రొట్టె పొంగకుండా మెల్లగా కాలుతోంది. అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు తేలాయి. దీన్ని తెల్లగుడ్డలో చుట్టి ఇవ్వాలి. ముక్క చెదరకుండా వెళ్ళాలి. ప్రార్థన చేసి పెద్దలు విరిచేదాకా ఎవరి గోరూ తగలకూడదు. తిమోతి స్నానం చేసి గదిలో బట్టలు వేసుకుంటున్నాడు. అత్తయ్యకు తోడుగా నేను ఇంట్లో ఉండాలని రాత్రే చెప్పాడు. ఎలాగూ నువ్వు బల్లలో పాలుపొందవు కాబట్టి నష్టం లేదన్నాడు.

రొట్టెను పళ్ళెంలోకి తీసి, గుడ్డ కోసం వెనక్కి తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి అత్తయ్య లేచి నిలబడి ఉంది. రొట్టె వంకే చూస్తూ, చీరకొంగు తీసి తల మీద కప్పుకుంది. చెవుల వెనక్కి సర్దుకుంది. సంఘంలో రొట్టె దగ్గరికి వచ్చేటప్పుడు ఆమె ఎప్పుడూ సర్దుకునేట్టే.

నా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. పేరు పోయింది, ఊరు మారిపోయింది, కన్నకొడుకు ఒక్కోసారి అన్నయ్య అవుతున్నాడు. కొంగు మాత్రం తలమీదికి వచ్చింది. క్లాసులో అయితే ఇది శరీరపు జ్ఞాపకం, మెదడులో దీని చోటు వేరు అని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని. తిమోతి చూస్తే, చూశావా, విశ్వాసం ఇంకా ఉంది అని ఏసురత్నంగారికి ఫోన్ చేసేవాడు. ఒక్క క్షణం నాకూ పిలుద్దామనిపించింది. రండి, చూడండి, మీ అమ్మ పాసయింది అని. పిలవలేదు. ఒకవేళ ఆ కొంగు కూడా కప్పుకోకపోయి ఉంటే? రేపు అదీ మరిచిపోతే? అప్పుడు నేను ఈ గుడ్డను బుద్ధిగా చుట్టి పంపేస్తానా? ఇన్ని ఊళ్ళు నడిచిన మనిషి ఇంకా ఏదో ఒకటి చూపించాలా? ఎండలో నడిచినవాళ్ళకు నీడ ఇవ్వడానికి చెట్టు సాక్ష్యం అడుగుతుందా?

రొట్టె ఇంకా వేడిగా ఉంది. అంచు పట్టుకుని విరిచాను. అంత పెద్ద చప్పుడు అవుతుందనుకోలేదు. ముక్కను అత్తయ్య అరచేతిలో పెట్టాను. ఏ మాటలు చెప్పాలో నాకు తెలియదు, అవి సంఘంలో మగవాళ్ళు పలికే మాటలు. "మీ వంతు అత్తయ్యా," అన్నాను.

ఆమె ముక్కను వెలుతురులోకి ఎత్తి చూసింది. నోట్లో పెట్టుకోలేదు. రెండుగా తుంచి, పెద్ద ముక్క నా వైపు చాచింది.

"పొద్దుట్నించీ నించునే ఉన్నావ్. ఇందా, తిను."

"నేను తినకూడదు అత్తయ్యా."

"అదేంటమ్మా! ఎవరన్నారు?"

అన్నది ఆమే. వెనక గుమ్మంలో తెల్లచొక్కా కదిలింది. తిమోతి, చంకలో బైబిలు. "రొట్టె కట్టావా?" అంటూ వచ్చినవాడు పళ్ళెం చూసి ఆగిపోయాడు. "వినీలా..." అన్నాడు. ఎప్పటిలాగే నేను సర్దిచెప్పడానికి, ఇంకో రొట్టె చేసిస్తాను, పదినిమిషాలు ఆగండి అనడానికి మాటలు వెతుక్కున్నాను. పిండి డబ్బా వైపు అడుగు కూడా వేయబోయాను.

అత్తయ్య నా ముంజేయి పట్టుకుని ఆపింది. ముక్క అందుకోవడానికి పిండి అంటిన చెయ్యి చాచాను. "ఆ చేతులతోనా?" అని తల అడ్డంగా ఊపి, రొట్టెను నా పెదాల దగ్గరికే తెచ్చి, అక్కడ పట్టుకుని నిలబడింది. ఆమె చెయ్యి వణుకుతోంది. నేను దాన్ని పట్టుకుని సాయం చేయలేదు.

నోరు తెరిచాను.