ఎనభై నాలుగు కాదు, ఎనభై

నేను ఒక పుట సంఖ్యను. పుస్తకం తెరిచినవాళ్లు నా పైనున్న రాతనే చూస్తారు. ఎక్కడ ఆపారో మరిచిపోయిన రోజున మాత్రం నా కోసం వెతుకుతారు. అయినా నాకు పొగరు తక్కువేమీ కాదు.

గుంటూరులో ఒక డీటీపీ సెంటరులో పుట్టాను. నన్నెవరూ టైపు చేయలేదు. ఆపరేటరు ఎస్తేరు, అన్ని పుటలకూ మూసలా ఉండే మాస్టర్ పేజీ అడుగున చిన్న గుర్తు పెట్టింది, అంతే. నూట ముప్పై రెండు పుటలకీ నూట ముప్పై రెండు అంకెలం ఒక్కసారిగా పుట్టుకొచ్చాం. నా వంతుకు ఎనభై నాలుగు వచ్చింది.

పుస్తకం మగ్గం మాటల నిఘంటువు. శకుంతల టీచరు మంగళగిరిలో ఆరేళ్లు ఇల్లిల్లూ తిరిగి, నేతగాళ్ల నోట విని రాసుకున్న మాటలవి. నా పుటలో ‘నాడె’ ఉంది. పడుగు దారాల మధ్య పేకను మోసుకుంటూ అటూ ఇటూ పరిగెత్తేది అదే. దాని గురించి చెప్పిన మనిషి జంజనం వీరరాఘవులు. ఇలా మాటలు చెప్పినవాళ్ల పేర్లన్నీ చివర ఒక పట్టికలో ఉన్నాయి, పేరు పక్కన పుట అంకె. ఆ అంకెల్ని మాత్రం ఎస్తేరు చేత్తో కొట్టింది. గొడవంతా అక్కడే వచ్చింది.

ఆదివారం ఆవిష్కరణ అనగా బుధవారం ప్రెస్సు నుంచి ఫోను. ఎనిమిది ఫారాలకే కాగితం ఉందట, అంటే నూట ఇరవై ఎనిమిది పుటలు. నాలుగు తీసేయాలి. అక్కడే ఉన్న టీచరు క్షణం ఆలోచించలేదు. మొదటి నాలుగు పుటల్లో ఒక పెద్దమనిషి ముందుమాట ఉంది. అందులో మగ్గం ఒక్కచోట వస్తుంది, ఆయన సన్మానాలు పదకొండు చోట్ల.

“తీసెయ్యమ్మా. ఆయనతో నేను మాట్లాడుకుంటాను” అంది టీచరు.

ఎస్తేరు తీసేసింది. మేమంతా నాలుగేసి మెట్లు దిగాం. నేను ఎనభై అయ్యాను. సెంటరు యజమాని రంగనాయకులు జబ్బలు చరుచుకున్నాడు. “చూశారా, నంబర్లు వాటంతటవే సర్దుకున్నాయి!”

మేం సర్దుకున్నాం, పట్టిక సర్దుకోలేదు. ఎస్తేరు అనుమానంతో వీరరాఘవులు పేరు చూసింది. పక్కన ఎనభై నాలుగే ఉంది. ఆ పుట తీస్తే ‘పడుగు’ వచ్చింది, చెప్పినవాళ్లు వేరే ఎవరో.

“మొదటి పుటకి అయిదు నంబరు ఇచ్చెయ్. పట్టిక ముట్టుకోనక్కర్లా” అన్నాడు రంగనాయకులు.

“అయిదుతో మొదలైతే ముందు పుటలు చిరిగిపోయాయనుకోరా సార్?”

“సరే, అలాగే వదిలెయ్. పట్టిక ఎవరు చూడొచ్చారు?”

“వీరరాఘవులుగారు చూస్తారు” అంది టీచరు. “ఆయనకి అక్షరాలు రావు, అంకెలొచ్చు. నూలు కట్టల మీద నంబరు చూసుకునేగా ఇన్నాళ్లూ నేసింది. ‘నా పేరు పక్కన అంకె చెప్పు, పుట నేనే తీసి మావాళ్లకి చూపిస్తా’ అన్నాడు. ఆయన వేలు తప్పు పుట మీద పెడితే నలుగురూ నవ్వుతారు.”

ఎస్తేరు కుర్చీ ముందుకు లాక్కుంది. “నవ్వనివ్వను మేడమ్.”

మూడు వందల పదహారు పేర్లు. ప్రతి అంకెలోంచీ నాలుగు తీసేస్తే చాలు కదా అని రంగనాయకులు సణిగాడు. ఆ పిల్ల వినలేదు. ఒక్కో పేరుకూ పుట తెరిచి, మాట చూసి, అడుగున మమ్మల్ని చూసి, అప్పుడు కొట్టింది. గురువారం పట్టింది, శుక్రవారం మధ్యాహ్నమూ పట్టింది. మొదట కొట్టినప్పుడే తప్పుపడినవి రెండు దొరికాయి కూడా. నాకామె మీద ప్రేమ పుట్టింది, దాచుకోవడమెందుకు?

ఆదివారం సభలో ఉపన్యాసాలు అయ్యేదాకా వీరరాఘవులు పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి అడిగాడు. “టీచరమ్మా, నా పేరు కాడ ఎంతుంది?”

“ఎనభై, బాబాయ్.”

ముసలాయన నవ్వాడు. “ఎనభయ్యా? నా నూలు నంబరే!”

ఒక్కో పుట తిప్పుతూ అడుగునే చూసుకుంటూ వచ్చాడు. డెబ్భై ఆరు, డెబ్భై ఎనిమిది. నా దగ్గర ఆగాడు. చుట్టూ చేరినవాళ్లలో మనవరాలు పైకి చదివింది. “నాడె. చెప్పినవారు జంజనం వీరరాఘవులు.”

ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు నేనుండేది ఆయన మగ్గం పక్క గూట్లో. పుస్తకం మొత్తంలో ఆయన చదవగలిగింది మమ్మల్నే. రోజూ తెరిచేది నన్ను.