గిటెల్ పేరున ఒక కార్డు

ఎడ్మే భర్త కాలర్లకు గంజి పెట్టి ఆరవేస్తుంటే అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, ఆమె బయటికెళ్ళడానికి తీసిపెట్టుకున్న టోపీ చూసి, "జీతం లేని ఆఫీసుకి టోపీ కూడా ఎందుకమ్మా, ఎవరు చూడాలని?" అంది. భర్త గాస్పార్ పేపరు దించకుండానే, "పోనివ్వమ్మా, యుద్ధం అయిపోతే అదే మానేస్తుంది" అన్నాడు. ఎడ్మే ఏమీ అనలేదు. పెళ్ళికి ముందు ఆమె బళ్ళో పాఠాలు చెప్పేది. పెళ్ళయిన పంతులమ్మకు తమ బళ్ళో చోటు లేదని హెడ్మాస్టరు పూలగుత్తి ఇచ్చి మరీ పంపేశాడు. అప్పుడూ ఏమీ అనలేదు. నోరు మూసుకోవడం కూడా ఇంటిపనిలో కలిసిపోయింది. గిన్నెలు తోమినట్టే, దాన్నీ ఎవరూ పని అనుకోరు.

యుద్ధానికి దూరంగా ఉన్న లోజాన్ పట్నంలో చర్చి వెనక హాల్లో ఉంది ఆ కార్యాలయం. యుద్ధఖైదీల, కాందిశీకుల, ప్రాణభయంతో పారిపోయిన యూదు కుటుంబాల ఆచూకీ కార్డుల మీద రాసి ఉంచడం, అడిగినవాళ్ళకు జవాబివ్వడం అక్కడి పని. రాసేవాళ్ళంతా ఆడవాళ్ళు. సంతకం పెట్టేది పెరొషే గారు. జీతం ఆయనకే.

ఆ రోజు రివ్కా వైన్‌రిబ్ అనే ముసలావిడ నుంచి రెండో ఉత్తరం వచ్చింది. మొదటిదానికి, మీ కూతురి జాడ మా దగ్గర లేదని జవాబు వెళ్ళింది. "నా గిటెల్‌కు పెళ్ళయిందని ఇప్పుడే తెలిసింది. అల్లుడు మెండెల్ కోర్న్, దర్జీ. మళ్ళీ చూడండి. ఈసారీ లేదంటే మా ఆచారం ప్రకారం చావుదీపం వెలిగించి నేల మీద కూర్చుంటాను. అంతదాకా ఏడవను."

ఎడ్మే వెతికితే, బతికున్నవాళ్ళ కార్డుల సొరుగుల్లో కోర్న్ లేడు. వెనక గదిలో, చనిపోయినవాళ్ళ కార్డుల పెట్టెలో దొరికాడు. శిబిరంలో విషజ్వరంతో పోయాడు. ఆ కార్డు అడుగున చిన్న అక్షరాలతో మరో వరస ఉంది: భార్య గిటెల్, అదే శిబిరం, బట్టలుతికే పని. ఆమె పోయిందని ఎక్కడా లేదు.

"కుటుంబానికి ఒక్కటే కార్డు, మగమనిషి పేరు మీద. ఆయన పోతే కార్డు పెట్టెలోకి వెళ్తుంది. అది పద్ధతి మదాం" అన్నాడు పెరొషే.

"మొగుడు పోతే ఆవిడ కూడా పోయినట్టేనా?" అంది ఎడ్మే.

పక్క బల్ల దగ్గర క్లోటిల్డ్ తల ఎత్తకుండా, "నాకు పెళ్ళి కాకపోవడమే మేలు. నా చావన్నా నాదిగా ఉంటుంది" అంది. ఎవరో కిసుక్కుమన్నారు.

ఎడ్మే కొత్త కార్డు తీసుకుని గిటెల్ పేరు రాసింది. బళ్ళో నల్లబల్ల మీద రాసినట్టు, వెనక వరసకీ కనబడేలా రాసింది.

"అది చెల్లదు, చించెయ్యండి. పద్ధతి పాటించలేనివాళ్ళు రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు పెరొషే.

"రాకపోతే ఏం కోస్తారు, జీతమా?" అంది ఎడ్మే. తన గొంతు ఇంత మామూలుగా ఉంటుందని ఆమెకే తెలియదు. "చించాలంటే మీరే చించండి. చించి, వాళ్ళమ్మకి జవాబు కూడా మీరే రాయండి."

కార్డు ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆఖరికి బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తుడుచుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఎడ్మే ఆ కార్డును బతికున్నవాళ్ళ సొరుగులో ఉంచింది. రివ్కాకు జవాబు రాసి కవరు అంటించింది. తర్వాత క్లోటిల్డ్‌ను సాయం పిలిచి, వెనక గదిలోని పెట్టెను ఈడ్చుకొచ్చి బల్ల మీదికెత్తి, చచ్చిపోయిన మగవాళ్ళ కార్డుల అడుగు నుంచి బతికున్న ఆడవాళ్ళను ఒక్కొక్కరినే బయటికి తీయడం మొదలుపెట్టింది.