గోడవైపు తిప్పిన బొమ్మ

ఆ ఇంట్లో ఒక చట్టం ఉంది. గదివైపు చూస్తున్న బొమ్మ బతికున్న బొమ్మ, గోడకి మొహం పెట్టిన బొమ్మ చచ్చిన బొమ్మ. చిత్రకారుడికి ఏ బొమ్మయినా మనసుకి ఎక్కకపోతే దాన్ని గోడవైపు తిప్పేస్తాడు. వాళ్ళావిడ తీరిక చూసుకుని దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, రంగు ఎత్తుగా ఉన్నచోటల్లా గరుకు కాగితంతో రుద్ది, జిగురు కాచి, అందులో సుద్దపొడి కలిపి తెల్లటి పూత పూసి ఎండబెడుతుంది. మళ్ళీ కొత్త బొమ్మకి గుడ్డ సిద్ధం. కొత్త గుడ్డ కొనే స్తోమత వాళ్ళకి ఏనాడూ లేదు కనక ఒక్కో గుడ్డ మీద నాలుగైదు పొలాలు పండి పోయాయి. ఎందుకు తిప్పారని ఆవిడ అడగదు, ఎందుకు తిప్పాడో ఆయన చెప్పడు. సంసారం అన్నాక కొన్ని మాటలు ఆదా చేసుకోవాలి మరి.

ఆయన ఉద్యోగం సర్వే ఆఫీసులో పొలాల పటాలు గీయడం. ఆ పటాల్లో గట్లుంటాయి, కొలతలుంటాయి, మనుషులుండరు. ఆ లోటు తీర్చుకోవడానికేమో, సెలవొస్తే చాలు సైకిలు తొక్కుకుంటూ ఊరి బయటికి పోయి, కోతలు కోసేవాళ్ళనీ మోపులు మోసేవాళ్ళనీ పెన్సిలుతో గీసుకొచ్చేవాడు. పనిలో ఉన్నవాళ్ళు బొమ్మ కోసం ఆగుతారా? కాసేపు ఇటు తిరగమని బతిమాలితే నవ్వి, వీపు తిప్పి, తమ పని తాము చేసుకునేవారు. అందుకని నడుములూ చేతులూ పొలంలో గీసుకుని, మొహాలు మాత్రం ఇంటికొచ్చి వేసేవాడు. ఇంట్లో ఉన్న ఆడమొహం ఒక్కటే. వంట ముగించి, అంట్లు తోమి, తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి ఆవిడ పీట మీద కూర్చునేది. కదలొద్దనేవాడు, కళ్ళు మూయొద్దనేవాడు. ఆ ఒక్క మొహానికే ముక్కు కాస్త సాగదీసి, బుగ్గలు కాస్త నింపి, పొలంలో ఉన్న ఆడవాళ్ళందరికీ పంచేసేవాడు.

పేరు రాలేదు. వీధిలో వాళ్ళకి ఆయన బొమ్మలాయన, అంతే. ఒక్కసారి మాత్రం, వయసులో ఉండగా, ఒక పత్రికవాళ్ళు ఆయన బొమ్మ అచ్చేశారు. మిట్టమధ్యాహ్నం కోత ఆపి, మోపుల నీడన కూర్చుని సేదతీరుతున్న ముగ్గురు ఆడవాళ్ళు. ఆ తర్వాత మళ్ళీ ఎవరూ పలకరించలేదు. ఆయన వేస్తూనే పోయాడు, ఆవిడ జిగురు కాస్తూనే పోయింది. ఉద్యోగం అయిపోయింది, మోకాళ్ళు అరిగాయి, సైకిలు ఎవరికో ఇచ్చేశారు, కుడిచెయ్యి వణకడం మొదలెట్టింది.

ఇదిగో, ఇప్పుడొచ్చాడు చిత్రశాల కార్యదర్శి. ఎక్కడో పాత పత్రికల కట్టలో ఆ బొమ్మ చూశాట్ట. ఒక గది నిండా ఈయన బొమ్మలే పెడతాననీ, ఎదురుగోడ మీద ఆ ముగ్గురు ఆడవాళ్ళు ఉండి తీరాలనీ అన్నాడు.

"ఆ బొమ్మ ఉంటేనే గది, మాస్టారూ. అది లేకపోతే మా పెద్దలు ఒప్పుకోరు. మళ్ళీ ఇలాంటి అవకాశం ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను."

వారం తిరక్కుండా వచ్చి తీసుకెళతానని చెప్పి వెళ్ళాడు. చిత్రకారుడు తలుపు దగ్గరే కాసేపు నిలబడిపోయాడు. సంతోషపడడానికి కూడా ఓపిక కావాలి, ఆయన దగ్గర అది ఎప్పుడో అడుగంటింది. అయినా సరే, ఒక్కసారి తన బొమ్మలన్నీ ఒకే గదిలో చూసుకుని కళ్ళు మూసినా చాలనుకుంటూ, ఈమధ్య పెద్దగా తొంగిచూడని వెనకగదిలోకి నడిచాడు.

అక్కడ ముగ్గురు ఆడవాళ్ళూ లేరు. మోపులెత్తేవాళ్ళూ లేరు, చెలమలో నీళ్ళు తోడుకునే ముసలాయనా లేడు. తెల్లగా, నున్నగా, వరసగా గుడ్డలు ఉన్నాయి.

జరిగింది ఇదీ. ఈమధ్య ఆయన అక్కగారు వచ్చి కొన్నాళ్ళుండి వెళ్ళారు. ఇల్లు మాసిపోయిందని తమ్ముడి మీద జాలిపడి, సున్నం వేసేవాళ్ళని ఆవిడే పిలిపించారు. సున్నపు చుక్కలు మొహాల మీద పడకుండా, పాపం, బొమ్మలన్నిటినీ ఒక్కొక్కటిగా గోడవైపు తిప్పి పుణ్యం కట్టుకున్నారు. పని బాగా జరిగిందని మురిసిపోతూ బండెక్కారు. ఆవిణ్ణి తిడదామంటే నోరు రాదు. ఆ ఇంటి చట్టం ఆవిడకేం తెలుసు?

తెలిసిన మనిషి పెరట్లో బట్టలారేస్తోంది. ఆయన వెళ్ళి అడిగితే చేతిలో బట్ట చేతిలోనే ఉండిపోయింది.

"గోడవైపు ఉన్నాయి కదాని పూసేశానండీ. ఇన్ని ఒక్కసారే పోయాయేమిటా అనిపించింది. మీకు విసుగొచ్చిందేమో, ఇక మానేస్తారేమో అనుకున్నాను." తలొంచుకుని అంది: "అబద్ధమెందుకు, కొంచెం సంతోషమే వేసింది."

ఆ ఆఖరి మాట ఆయనకి బొమ్మలు పోయినదానికంటే ఎక్కువగా గుచ్చుకుంది.

పూత జిగురూ సుద్దా కనక నీళ్ళకి కరుగుతుంది, కిందనున్న నూనెరంగు కరగదు. ఆ సంగతి ముందు ఆవిడకే తట్టింది. మిగతావాటి సంగతి తర్వాత చూద్దామని, చట్రం మూలన పాత మేకులు చూసి ఆ బొమ్మేదో పోల్చుకుని, గోరువెచ్చని నీళ్ళు పెట్టుకుని, మెత్తటి గుడ్డలతో ఇద్దరూ చెరోపక్కా కూర్చున్నారు. తుడిచేకొద్దీ పాలు విరిగినట్టు తెలుపు ముద్దలు ముద్దలుగా ఊడొచ్చింది. ఆకాశం వచ్చింది. కోసిన మోళ్ళు వచ్చాయి, మోపులు వచ్చాయి, చాచిన కాళ్ళూ పక్కన పడేసిన కొడవళ్ళూ వచ్చాయి. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. తీరా మొహాల దగ్గరికొచ్చేసరికి మొహాలు లేవు. రంగు ఎత్తుగా ఉన్నది అక్కడే కదా, గరుకు కాగితం అక్కడే తన పని చేసింది. ముగ్గురు ఆడవాళ్ళు, మూడు బోసి మచ్చలు.

ఈ వణికే చేత్తో మళ్ళీ వేయడం తనవల్ల కాదనీ, బొమ్మ పోయిందని కార్యదర్శికి కబురు చేసేస్తాననీ ఆయన నీరసంగా తడిగుడ్డ పక్కన పడేశాడు. ఆవిడ లోపలికెళ్ళి, పీట తెచ్చుకుని, గోడవారగా వేసుకుని కూర్చుంది.

"ఆ మొహాలు ఎక్కడివో మర్చిపోయారా? వెయ్యండి."

పొద్దుటినించీ చాకిరీ, ఆపైన ఈ తుడవడం. ఆయన రంగులు కలుపుకుని తలెత్తేసరికి ఆవిడ నిద్రపోయింది. తల గోడకి ఆనింది, నోరు కొంచెం తెరుచుకుంది, ఒళ్ళో చేతులు వెల్లకిలా పడున్నాయి. కళ్ళు మూయకు అనబోయాడు ఆయన, అలవాటుగా.

ఇన్నేళ్ళలో ఆ మొహాన్ని ఆయన లెక్కలేనన్ని సార్లు చూశాడు. ముక్కు కోసం చూశాడు, చెంప మీద పడే వెలుగు కోసం చూశాడు. ఆ మనిషికి అలుపొస్తుందని మాత్రం చూడలేదు. పాత బొమ్మలో ఆడవాళ్ళు సేదతీరుతున్నామని పేరుకే కూర్చున్నారు, కళ్ళు విప్పుకుని, నడుము నిలబెట్టుకుని, ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టు. అలసట ఎలా ఉంటుందో వెతుక్కుంటూ తను సైకిలేసుకుని ఊళ్ళు తిరిగాడు. ఆ అలసట మాత్రం రోజూ ఈ పీట మీదకొచ్చి కూర్చునేది. ఆయనకి సిగ్గేసింది, చచ్చేంత సిగ్గేసింది.

ఈసారి ముక్కు సాగదీయలేదు, బుగ్గలు నింపలేదు. ఒకామెకి గోడకానిన ఆ తల, ఇంకొకామెకి వేలాడే ఆ రెప్పలు, మూడో ఆమెకి తెరుచుకున్న ఆ నోరు. చెయ్యి వణుకుతూనే ఉంది. అలాంటి మొహాలకి వణుకు అడ్డం రాలేదు. తను వేసినవాటిలో ఇంత మంచిది లేదని కుంచె కడగకముందే ఆయనకి తెలిసిపోయింది.

ఆవిడ లేచి, ఉలిక్కిపడి, పొయ్యి మీద ఏదో ఉందేమోనన్నట్టు అటూ ఇటూ చూసింది. తర్వాత బొమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"ఇంతలా అలిసిపోయానా నేను?" అంది.

నలుగురూ చూడడం ఆవిడకి ఇష్టం లేకపోతే బొమ్మ ఇవ్వననీ, గది లేకపోతే లేకపోయిందనీ ఆయన చెప్పాడు. ఆ మాటలు తెచ్చిపెట్టుకున్నవి కావు. అయినా చెబుతూ బొమ్మ చట్రం మీంచి చెయ్యి తీయలేదు. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది, మళ్ళీ బొమ్మ వంక చూసింది.

"ఇచ్చేయండి," అంది. "మీకు కనపడ్డానికే ఇన్నేళ్ళు పట్టింది. ఊళ్ళోవాళ్ళకి ఎన్నాళ్ళు పడుతుందో చూద్దాం."

కోపం లేదు ఆ గొంతులో. కోపానికీ ఓపిక కావాలి కదా. ఆవిడ వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట పొయ్యి వెలిగించడానికి లేవలేదు, ఆయన లేపలేదు.