కారణం చెప్పని చదువు

ముంబయి కామాటిపుర ఎనిమిదో గల్లీలో తెలుగువాళ్లుండే ఒక చాల్‌లో, అంటే వరస గదుల పాత మేడలో, పరీక్షా ఫలితాల తర్వాతి ఆదివారం పండుగలా ఉంటుంది. మెట్ల పక్కనున్న నల్లబోర్డు మీద పాసైనవాళ్ల పేర్లు రంగు సుద్దతో రాస్తారు. మీరూ నేనూ చప్పట్లు కొట్టదగ్గ ఆచారమే.

ఈసారి బోర్డు మీద పదకొండు పేర్లున్నాయి. రత్నాబాయి పేరు లేదు. యాభై తొమ్మిదేళ్ల రత్నాబాయి ఆసుపత్రిలో ఆయా. దూరవిద్యలో మూడు ఎమ్మేలు ముగించి, ఇప్పుడు మనస్తత్వశాస్త్రంలో నాలుగోదీ గట్టెక్కింది.

"శంకర్రావు భావూ, నా పేరు మర్సినవా?" అన్నను పిలిచే మరాఠీ మాటతో అడిగింది రత్నాబాయి.

చాల్ సంఘం కార్యదర్శి శంకర్రావు బోర్డు ముందు నుంచి కదల్లేదు. "మర్వలే వదినా. కమిటీల అనుకున్నం. పోరగాండ్లకు నౌకరీలు రావాలె, లగ్గాలు కావాలె. నీకేం గావాలె? డాక్టరమ్మవైతవా ఏంది?"

"అయినా బెడ్‌పాన్లే కడుగుతది!" పై అంతస్తు నీత వరండాలోంచి అరిచింది. అందరూ నవ్వారు.

రత్నాబాయి నాలుక మీదికి పాత జవాబు వచ్చింది. ఇరవై ఏళ్లుగా అదే: "టైంపాస్ భావూ, నిద్ర పట్టక సదువుతున్న." అలా అన్న ప్రతిసారీ లోపల ఏదో తేలికయ్యేది. అది పట్టుబడకుండా తప్పించుకున్న దొంగ తేలికదనమని ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఇంతకీ తను ఎవరి సొమ్ము దొంగిలించింది?

చెయ్యి చాపింది. "సుద్ద ఇయ్యి."

"అరే వదినా, రూలు..."

"రూలు రేపు రాస్కో. ఇయ్యి."

చివరి పేరు కింద తన పేరు రాసింది. కోడలు మయూరి పరుగున వచ్చి కొంగు లాగింది. "అత్తా, అందరు సూస్తుండ్రు. చలా నా ఘరీ, ఇంటికి పోదాం!"

"సూడనియ్యే." రత్నాబాయి జనం వైపు తిరిగింది. "మా పెద్ద డాక్టర్ రిటైరైనంక సంస్కృతం నేర్సుకుంటుండు. ఎందుకని ఆయన్ను ఎవ్వలడగరు, దండం పెడ్తరు. నన్నే ఎందుకడుగుతరు? ఐదోదానికి ఫారం నింపిన. బెడ్‌పాన్లు కడుగుత, సదువుత. రెండు పనులూ నావే."

శంకర్రావు తడిగుడ్డతో ఆ పేరు తుడిచేశాడు. ఆమె మళ్లీ రాసింది, ఈసారి ఇంకా పెద్ద అక్షరాలతో. గుడ్డ ఇంకోసారి లేవలేదు.

చదువుతో అక్కర ఏమిటో చూపించమని పేదవాళ్లనే నిలదీసే లోకంలో, కారణం చెప్పకుండా చదవడం వాళ్ల హక్కు; దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.